కుట్టింది ఇద్దరినీ, పడిపోయింది నేను

కందిరీగలు మా ఇద్దరినీ కుట్టాయి. నా తోటికోడలు స్టెల్లా చేయి రుద్దుకుని మళ్లీ పనిలో పడింది. నేను ఐ.సి.యు.లో పడ్డాను. ఈ సంగతి ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

అది సమాధుల పండుగకు ముందు రోజు. మా అత్తమ్మ సమాధి చుట్టూ గడ్డి పీకి సున్నం వేయడానికి మట్టెవాడ నుంచి ఇద్దరం ఆటోలో వెళ్లాం. పెద్దకోడలిని కాబట్టి శిలువకు మొదటి సున్నం నేనే వేయాలి. అత్తమ్మ బతికున్నన్నాళ్లూ స్టెల్లా పేరే కలవరించింది. కనీసం సమాధి దగ్గరైనా నా పెద్దరికం చెల్లాలని నా పట్టుదల. శిలువ వెనక పగులులో కందిరీగలు గూడు పెట్టాయని కుంచె తగిలాకే తెలిసింది.

నాకు మెడ మీద, ఆమెకు మోచేతి మీద కుట్టాయి. బకెట్లో సున్నం ఉండనే ఉంది. పక్క సమాధి దగ్గరున్న ఒక పెద్దావిడ కాస్త తీసి ఇద్దరికీ రాసింది. "జరసేపు కూసో బిడ్డా, సున్నం గుంజేస్తది" అంది. నమ్మి కూర్చున్నాను. అరచేతులు దురద పెట్టాయి, పెదవులు మొద్దుబారాయి, వాంతి అయింది. గొంతు బిగుసుకుపోతుంటే స్టెల్లా నా ముఖం చూసి, "సున్నం లేదు గిన్నం లేదు, దవాఖానకు నడువక్కా" అని ఆటో పిలిచింది.

క్యాజువాలిటీలో బీపీ అందలేదు. తొడకు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చి ఆక్సిజన్ పెట్టారు. తేరుకున్నాక డాక్టరమ్మ, "దీన్ని అనాఫిలాక్సిస్ అంటరు. ఇంకా లేటైతే దక్కకపోతుంటిరి" అంది. భయపడాల్సింది పోయి, స్టెల్లాను చూపించి, "మరి మా యారాలికి ఏం కాలేదేంది?" అని అడిగాను. డాక్టరమ్మ నవ్వి, ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరు అంది.

కొన్ని వారాల తర్వాత బ్లడ్ టెస్ట్ చేసి, కందిరీగ విషానికి అలర్జీ ఉన్నట్టు ఖాయం చేశారు. ఎప్పుడూ వెంట ఉంచుకోమని అడ్రినలిన్ ఆంప్యూల్, సిరంజి ఇచ్చారు. సిరంజిలోకి ఎంత మందు తీయాలో చూపించి, ఇంట్లో ఇంకొకరు కూడా నేర్చుకోవాలన్నారు. మా ఆయన సూది చూడగానే ముఖం తిప్పుకున్నాడు. నా చేతులేమో వణికాయి. స్టెల్లా బత్తాయి పండును పొడిచి పొడిచి ఒక్క పూటలో నేర్చేసుకుంది. "మీరేమన్న నర్సుగా చేసిన్రా?" అని డాక్టరమ్మ మెచ్చుకుంది. రోగం నాది, మెప్పు ఆమెది.

మరుసటి ఏడు పండుగకు నిండు చేతుల జాకెట్, కాళ్లకు బూట్లు వేసుకున్నాను. సెంటు కొట్టుకోలేదు, తలలో పూలు పెట్టుకోలేదు. అంత చేసినా, మళ్లీ కుడితే కష్టమని గేటు బయట ఆటోలోనే కూర్చోవాల్సి వచ్చింది. గూడు లేదని దూరం నుంచి బాగా చూసుకున్నాక స్టెల్లా శిలువకు మొదటి సున్నం వేసింది. నేను కూర్చున్నచోటే కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. అంతలో పక్కన పెట్టిన బంతిపూల సంచిలోంచి కందిరీగ లేచి నా చేతి మీద కుట్టింది.

నా కేక విని స్టెల్లా పరుగెత్తుకొచ్చింది. ఆంప్యూల్ విరిచి, మందు లాగి, చీర మీది నుంచే తొడకు పొడిచింది. "పండుకో అక్కా, లేవకు. నేనున్న గద" అంటూ సీటు మీద పడుకోబెట్టి, నా కాళ్లు తన ఒళ్లో ఎత్తి పెట్టుకుని, ఆటో అతన్ని దవాఖానకు పోనివ్వమంది. ఇంజెక్షన్ వేసినా దవాఖానకు పోవాల్సిందేనని డాక్టరమ్మ చెప్పిన మాట ఆమెకే గుర్తుంది. దారి పొడుగునా ఆమె చేతులు ఒక్కసారి కూడా వణకలేదు. ఊపిరాడని ఆ స్థితిలోనూ నాకు ఈర్ష్య కలిగింది.

ఇప్పుడు బాగున్నాను. మందు నా సంచిలో ఒకటి, ఆమె సంచిలో ఒకటి ఉంటాయి. నర్సంపేట పెళ్లికి పోయినా, మరిపెడలో చుట్టాల చేనుకు పోయినా ఆమె లేనిదే కదలను. ఎవరు కలిసినా "మీ యారాలే నిన్ను బతికిచ్చిందట గద" అంటారు. పళ్లు కొరుక్కుంటూ అవునంటాను.

నాలాంటి అలర్జీ ఉన్నవాళ్లకు ఒకే మాట చెబుతాను. మందు దగ్గరుంటే చాలదు, అది వేయడం మీ వెంట ఉండే ఇంకొకరికి నేర్పించండి. మీమీద ప్రేమ ఎవరికి ఎక్కువని వెతక్కండి. చెయ్యి వణకనివాళ్లెవరో చూసుకోండి, వాళ్లంటే మీకు ఎంత కడుపుమంట ఉన్నా సరే.