బండ వెనక గుంటగలగరాకు

శనివారం పొద్దున గుంటగలగరాకు నూనె వెచ్చబెట్టి మా ఇంటాయన తలకు అంటేదాన్ని. ఇరవై ఎనిమిదేళ్లు అదే అలవాటు. ఇప్పుడు శనివారం వస్తే గిన్నె చేతికి తీసుకుంటాను, మళ్లీ గూట్లోనే పెట్టేస్తాను. ఆయన పోయి నాలుగు నెలలైంది.

ఆయన పేరు కుళ్లాయప్ప. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవారు. పన్నెండేళ్లకే బడి మాన్పించి మగ్గం గుంతలో కూర్చోబెట్టారట. సన్న పోగులు చూసి చూసి కళ్లు మండుతాయని వాళ్లమ్మ ఈ నూనె పెట్టేదట. పెళ్లయ్యాక మేం ఈ ఇంటికి కాపురం వచ్చిన రోజు, బత్తలపల్లిలో కాలువ గట్టున పెరికి, తడిగుడ్డలో చుట్టి మొక్కలు తెచ్చారు. బస్సులో కండక్టరు ఊరుకోలేదు.

"ఏమప్పా, కొత్త పెండ్లాన్ని పిలుచుకొని పోతా గడ్డి తీసుకపోతాండావు. ఆయమ్మకు మేతకా?"

"నాకేలేప్పా. ఆయమ్మ వండేది ఎట్లుంటాదో ఇంకా తెలీదు కదా," అన్నారు ఈయన. నేను నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాను.

అది చామంతికి చుట్టమే గానీ పువ్వు చొక్కా గుండీ కన్నా చిన్నది, తెల్లగా ఉంటుంది. దానికి తేమ కావాలి. మా పెరట్లో బట్టలుతికే బండ వెనక నాటి, సబ్బునీళ్లు అటు పోకుండా ఒక ఇటుకరాయి అడ్డం పెట్టారు. బియ్యం కడిగిన నీళ్లన్నీ దానికే.

చీరలు నేయడం అయిపోయినా మగ్గం మీద పాత పోగుల కొసలు కోసి పారేయరు. వేళ్లకు బూడిద అద్దుకొని, ఆ కొసలకే కొత్త పోగులు ఒక్కొక్కటీ మెలిపెట్టి అతికే పని నాది. మొక్కల దగ్గరా ఆయనది అదే పద్ధతి. ఆకు కోసేటప్పుడు రెండు మొక్కలు ముట్టనిచ్చేవారు కాదు.

"అవి ఎండి గింజ రాలనీ. కొస లేకుంటే కొత్త పోగు యాడ అతికిస్తావే?" అనేవారు.

ఆయన పోయినప్పుడు మా అక్క సోమక్క కదిరి నుంచి వచ్చి, పదకొండు రోజులూ నాకు అన్నం కలిపి పెట్టింది. ఆ రోజుల్లో మొక్కలకు నీళ్లు పోయాలని ఎవరికీ తోచలేదు. వాడి, పూలు లేకుండా పడి ఉన్నాయి. దినాలయ్యాక అక్క పెరడు శుభ్రం చేసి వచ్చింది.

"బండెనక అంతా గడ్డే నాగమ్మా. పురుగూ పుట్రా చేరతాదని మొత్తం పెరికేసినా."

నేను ఆమె చేతులకంటిన మట్టినే చూస్తున్నాను.

"ఏమే, అట్ల చూస్తాండావు?"

"అది గడ్డి కాదక్కా. నీ మరిది తలకు పెట్టుకునే ఆకు."

అక్క చెత్తకుప్ప దగ్గరికి పరుగెత్తింది. నీళ్లు లేక ముందే వాడినవి, ఎండలో పూర్తిగా వడలిపోయి ఉన్నాయి. తెచ్చి మళ్లీ నాటింది కూడా, పిచ్చిది. ఒక్కటీ బతకలేదు. ఊరికి పోయేటప్పుడు నా ముఖంలోకి చూడలేకపోయింది.

ఇరవై రోజులకు ఇటుకరాయి సందులో ఒక్క మొలక కనిపించింది. కోళ్లు పొడవకుండా బుట్ట బోర్లించాను. ఎండాకాలమంతా చెంబుతో నీళ్లు మోశాను. పూసింది.

అప్పుడే పక్కింటి సుమ వచ్చింది. చంకలో మూడు నెలల బిడ్డ.

"పెద్దమ్మా, కాన్పయినప్పటి నుంచి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడొస్తాండాది. ఆ ఆకు గుప్పెడు ఇస్తావా? పెద్దనాయన అడక్కుండానే ఇస్తాండె."

అది నిజమే. వీధిలో ఎవరికీ ఆయన లేదనలేదు.

"ఇది ఒక్కటే ఉండాది సుమా. గింజ కట్టలేదింకా. రాలి మొలకలొస్తే నీకే ముందు."

"అంతలోపల నాకు బోడిగుండే అవుతాది పెద్దమ్మా! నా బిడ్డ జుట్టు, నా జుట్టు ఒకేసారి మొలిపించుకుంటాంలే," అంది.

నాలుగు నెలల్లో నేను నవ్వింది అప్పుడే. అయినా ఆమె వెళ్లాక మనసు ఊరుకోలేదు. రెండుసార్లు మొక్క దగ్గరికి పోయాను. కోయలేకపోయాను.

ఈరోజు శనివారం. పెరడు ఊడుస్తుంటే అక్క ఫోన్ చేసింది.

"ఏం చేస్తాండావు?"

"ఊడుస్తాండా. బండ దాకా అయింది."

"దాని ఎనక?"

బుట్ట ఎత్తి చూశాను. పూలు ఎండి నల్లబడ్డాయి. ఇటుకరాయి చుట్టూ దుమ్ములో, రాలిన ఆకుల్లో సన్నటి నల్ల గింజలు.

"ఆడ ఊడ్చనక్కా. గింజ రాలింది."

అవతల అక్క ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ఊడవద్దులే," అంది.

బుట్ట మళ్లీ బోర్లించి, చీపురు గోడకు ఆనించి లోపలికి వచ్చేశాను.