కిటికీకి కట్టిన గోనెపట్ట

రామన్నపేట దగ్గరి ఊళ్లో నేతపని చేసే వెంకటనర్సు మగ్గం గదికి ఒకటే కిటికీ. ఎండ సోకితే పడుగు ఆరిపోయి పోగులు పుటుక్కున తెగుతాయని, పెళ్లయిన కొత్తలోనే దానికి గోనెపట్ట తడిపి కట్టాడు. ఆ చీకట్లోనే భార్య లీలమ్మ పొద్దస్తమానం నూలు కండెలు చుట్టేది. వాకిట్లో కూర్చుంటానంటే, "రంగు నూలు వెలిసిపోతది, లోపలికి రా" అని కసిరేవాడు.

ఇప్పుడు ఆమెకు టీబీ. దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూపిస్తూ చెప్పింది: "ఊపిరితిత్తుల కణాలల్లకెల్లే కొన్ని ఎంజైములు వస్తయి. ఈ జబ్బుల అవి హద్దు మీరి ఊపిరితిత్తులనే కొరుక్కతింటయి. విటమిన్ డి వాటిని కొంత అదుపు చేస్తదని ల్యాబుల కణాల మీద చూసిన్రు. ఈమెకు అది బాగ తక్కువున్నది. గని జబ్బు దానితోనే ముదిరిందని చెప్పలేం. మందులు మానొద్దు, జర ఎండ తగలనియ్యిన్రి."

డాక్టరమ్మ చెప్పలేమన్నదాన్ని వెంకటనర్సు తనకు తానే చెప్పుకున్నాడు. బస్సులో భార్య ముఖం చూడలేకపోయాడు. నూలు వెలిసిపోకుండా కాచుకున్నాడు గానీ, పక్కనే మనిషి పాలిపోతుంటే కంటికి ఆనలేదు.

ఇంటికి రాగానే గోనెపట్ట పీకి పారేశాడు. ఎండ భగ్గున గదిలోకి వచ్చిపడింది. లీలమ్మ ఉలిక్కిపడి, దగ్గుకుంటూనే ఉరికి, కొంగు పరిచి పడుగుకు అడ్డంగా నిలబడింది.

"ఏం పనయ్యా ఇది? పోగులు తెగవా?"