కుప్పం గోడమీద ఆమె రాయించిన మాట

నర్సమ్మ పోయింది. పోయిన గురువారం పొద్దున, మదనపల్లెలో, తాను ముప్పై ఏళ్లు తెల్లచీరతో తిరిగిన ఆస్పత్రిలోనే. ఆ కబురు నాకు చెప్పింది కుప్పంలో ఉండే నా కొడుకు. తొమ్మిదేళ్లలో వాడు చేసిన మొదటి ఫోను అది. "నాయనా, నర్సమ్మ పోయింది," అన్నాడు. నేను "ఊ" అన్నాను. పెట్టేశాడు.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నేను ముందు నా కోపం రాస్తాను. ఆమె నన్ను ఒకసారి మోసం చేసింది. ఏడేళ్లుగా అది నా కడుపులో ఉంది.

నేను పుంగనూరులో గోడలమీద రాసే మేస్త్రీని. చదివింది మూడో తరగతి. సిమెంటుకు, ఎరువులకు, ఎలక్షన్లకు నలభై ఏళ్లు రాశాను. మూరెడు అక్షరమైతే నా చెయ్యి వణకదు, ఈ కాగితంమీద చిన్నక్షరాలకే చెమట పడుతోంది. తప్పులుంటే పత్రికవాళ్లు దిద్దుకోండి. మాట మాత్రం మార్చొద్దు.

మగవాణ్ణి ప్రేమించే మగవాళ్లను, ఆడదాన్ని ప్రేమించే ఆడవాళ్లను ఎగతాళి చెయ్యకండి, ఇంట్లోంచి తరమకండి అని మన ఊళ్లలో ప్రచారం చెయ్యడానికి ఏడేళ్ల కింద బెంగళూరునుంచి ఒక సంఘం వచ్చింది. అప్పటికి రిటైరైన నర్సమ్మ వాళ్లకు తోడు నిలబడింది. వాళ్లు తెచ్చిన ఫ్లెక్సులు వద్దంది. "ఫ్లెక్సయితే చింపుకపోయి గొడ్ల కొట్టానికి కప్పుకుంటారు. గోడమీద రాయప్పా," అని నన్ను పిలిపించింది. నాకది సిమెంటు రాతలాగా కూలిపనే.

మదనపల్లె బస్టాండు దగ్గర రాసిన మర్నాడే ఎవరో పేడ కొట్టారు. ఆమె కొంగు దోపుకుని, బక్కెట, కొబ్బరిపీచు తీసుకుని కడగడానికి దిగింది. టీ అంగడి దగ్గర ఒకాయన, "ఈ వయసులో నీకు యాలమ్మా ఈ రోత?" అన్నాడు.

"నీ కాలి పుండు కడిగినప్పుడు రోత అన్లేదే అప్పా," అంది. ఆయన సగం గ్లాసు వదిలేసి పోయాడు.

ఆస్పత్రి అలవాట్లు ఆమెను వదల్లేదు. రంగు డబ్బా మూత తీసేముందు నా గోళ్లు చూసేది. నేను నిచ్చెన ఎక్కితే కింద రెండు చేతులతో పట్టుకునేది. కొడుకుకు నయం చెయ్యమని వచ్చే తల్లులకు ఒకటే చెప్పేది: "జబ్బు లేని బిడ్డకు మందు యాడిదమ్మా? ఇంటికి పిల్చుకపోయి అన్నం పెట్టు." ఆ మాట నాకూ చెప్పింది. తొమ్మిదేళ్ల కింద నా కొడుకు ఇంకొక మగవాడితో కాపురం ఉంటానన్నప్పుడు. నేను వినలేదు. గడప తొక్కొద్దన్నాను. అడిగినవాళ్లకు, "స్నేహితుడితో ఉండాడు," అని చెప్పేవాణ్ణి. కుప్పంలో అందరికీ తెలిసిన సంగతే. దాచింది నేనొక్కణ్ణే.

మదనపల్లె, పుంగనూరు అయినాక, "కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ నాలుగూ రాయల్ల మేస్త్రీ," అంది. గోడ ఎక్కడని నేను అడగలేదు. పోయి చూస్తే ఎదురుగా నా కొడుకు టైలరు అంగడి. వాడూ, వాడితో ఉండే తమిళతనూ నడిపేది.

"నీకు ముందే తెలుసా అమ్మా?"

"తెలుసు."

"నాకు చెప్పకూడదా?"

"చెప్తే వస్తావా?"

ఒప్పుకున్న గోడను సగంలో వదిలే మనిషిని కాను. రాశాను. నాలుగు భాషల్లో ఒకటే మాట: ఎవరితో బతికినా మా బిడ్డే. పరభాష అక్షరాలు బొమ్మల్లాగా చూసి దించాను. వెనక మిషను చప్పుడు ఆగిపోయింది. నేను తిరగలేదు. తమిళతను రెండు టీలు తెచ్చి, "తీస్కోండి మామా," అన్నాడు. మామా అనేసరికి నాకు ఒళ్లు మండింది. ముట్టుకోలేదు. నర్సమ్మ తనది తాగి, నాదీ తాగింది. "నీ కొడుకు బూమ్మీద పడేటప్పుడు మొదట పట్టుకున్నది నేనప్పా. ఆ ఇంటి టీ పారబొయ్యను," అంది.

తిరుగు బస్సులో నేను ఆమెతో మాట్లాడలేదు. ఆ తరువాత ఎప్పుడూ మాట్లాడలేదు. రెండుసార్లు కబురంపింది. పోలేదు.

గురువారం నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కుప్పం బస్సెక్కి, పలమనేరులో దిగి వెనక్కి వచ్చాను. మర్నాడు మళ్లీ ఎక్కి గోడదాకా పోయాను. ఏడేళ్ల ఎండకూ వానకూ నా రంగు ఈపాటికి పోవాలి. పోలేదు. నాలుగు వరసలూ నిగనిగలాడుతున్నాయి. ఎవరో ఏటేటా దిద్దుతున్నారు. అక్షరం నాది, చెయ్యి నాది కాదు. అంచులు వంకర. కింద గీతలు చూస్తే టైలర్లు గుడ్డమీద గీసే సుద్దవి. అంగడి తెరిచే ఉంది. రోడ్డు దాటలేకపోయాను.

అమ్మా, నువ్వు చేసింది మోసమే. ఆ మోసానికి దండం పెడుతున్నాను.

చదివేవాళ్లారా, ఈ కడపటి మాట మీకు కాదు, నా కొడుక్కు. ఒరే, వచ్చే నెల మొదటి ఆదివారం మదనపల్లె చర్చిలో ఆమె జ్ఞాపక కూడిక. నేను పోతాను. నువ్వు వస్తావా? వస్తే అతన్నీ తీసుకుని రా. ఒక్కడివే వస్తానంటే నేను ఒప్పుకోను. ఇద్దరూ వస్తారా, రారా? ఆ ముందు శుక్రవారం పొద్దుగూకే లోపల నాకు జవాబు కావాలి.