నేపాల్ తిలక్ మా వీధిలో ఉన్న రోజులు

మా చిన్నప్పుడు... వరంగల్‌లో మా కిరాణా కొట్టు ఎదురుగా సాయంత్రమైతే నూడుల్స్ బండి పెట్టేవాడు తిలక్. నేపాల్ నుంచి వచ్చాడు. వాళ్లమ్మ, భార్య, నా ఈడు కూతురు సునీత... అందరూ మా వెనకింట్లో అద్దెకుండేవాళ్లు.

వాళ్ల ఊరివాళ్లంతా హైదరాబాద్‌లో ఒకే బస్తీలో ఉండేవారు. అక్కడ ఒక్కడివే ఏం చేస్తావు, మా దగ్గరికి వచ్చెయ్ అని ఫోన్లు చేసేవాళ్లు. తిలక్ నవ్వేసేవాడు. ఈ వీధే బాగుంది, ఇక్కడే ఉండిపోతానని మా నాన్నతో అనేవాడు.

వాళ్లమ్మకు తెలుగు ముక్క రాదు, మా నానమ్మకు నేపాలీ రాదు. అయినా అరుగు మీద కూర్చుని మధ్యాహ్నమంతా ముచ్చట్లే... ఏం అర్థమయ్యేదో ఆ దేవుడికే తెలియాలి.

ఆ ముసలమ్మ ఓ చలికాలం పొద్దున కన్నుమూసింది.

వీధి వీధంతా కదిలింది. నాన్న కొట్టు మూసేశాడు. వెదురు కర్రలు, కొత్త బట్ట, కుండ... అన్నీ వీధివాళ్లే తెచ్చారు. నానమ్మ సొంత చెల్లెలు పోయినట్టు ఏడ్చింది.

పాడె సిద్ధమైంది. ఎత్తడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. మా దగ్గర పాడె పట్టేది అయినవాళ్లే, కులంవాళ్లే. మనం పడితే వాళ్లకు తప్పవుతుందేమోనని అందరూ తిలక్ బంధువుల కోసం చూస్తూ నిలబడ్డారు. మమ్మల్ని ముట్టుకోవడం వీళ్లకు ఇష్టం లేదని తిలక్ అనుకున్నాడు.

ఎండెక్కాక తిలక్ మా నాన్న దగ్గరికొచ్చి, ఇంకా ఎవరి కోసం ఆగాలని అడిగాడు.

"మీ వాళ్లు రావాలె కద తిలక్... వాళ్లు రాంగనే లేపుదాం," అన్నాడు నాన్న.

"మా వాళ్లంటే మీరే అనుకున్న అన్నా."

నాన్న గబగబా చెప్పులు విడిచి పాడె దగ్గరికి నడిచాడు. తిలక్ వద్దని తల అడ్డంగా ఊపి, హైదరాబాద్‌కు ఫోన్ చేశాడు. అక్కణ్ణుంచి వాళ్ల ఊరివాళ్లు రైలు దిగి వచ్చేదాకా ఆ తల్లి వాకిట్లోనే ఉంది.

దినాలు కాగానే సామాను సర్దుకుని ఆ బస్తీకే వెళ్లిపోయారు. నాన్న ఎంత బతిమాలినా తిలక్ వినలేదు, కోపంగా ఒక్క మాటా అనలేదు. సునీత ఆటో ఎక్కి నా వైపు చూడకుండా కూర్చుంది.

ఆ తర్వాత వీధిలో ఎవరు పోయినా నాన్న కులమేదని అడగకుండా వెళ్లి భుజం పట్టేవాడు. ఇంట్లో ఎవరైనా వద్దంటే కసురుకునేవాడు.

ఇప్పుడు మా వీధిలో బిహార్ వాళ్లు, ఒడిశా వాళ్లు, నేపాల్ వాళ్లు బోలెడుమంది... పని కోసం వస్తారు, పోతారు. ఎవరి పేరూ ఎవరికీ తెలియదు.

మీ వీధికీ అలా దూరం నుంచి ఎవరైనా వచ్చారా? ఇంకా ఉన్నారా... ఉంటే, ఏం చూసి ఉండిపోయారో చెప్పండి. నాకు వినాలని ఉంది.