జేబులో వెళ్ళిపోయిన రాజు

ఆటోనగర్‌లో ఇరవై ఎనిమిదేళ్ళుగా లేతు మీద పనిచేస్తున్న రహమాన్‌కి ఒకటే పిచ్చి. మిగిలిపోయిన ఇత్తడి ముక్కల్తో వేలెడంత సిపాయిల్ని తీసి, ఆదివారం భోజనాల బల్ల మీద యుద్ధం పెడతాడు. ఎక్కడిదో కాదు, మన పద్మనాభం యుద్ధమే. చందుర్తిలో ఫ్రెంచివాళ్ళ మీద కలిసి కొట్లాడిన విజయనగరం వాళ్ళూ ఇంగ్లీషు కంపెనీవాళ్ళూ, ముప్ఫై ఆరేళ్ళకి పద్మనాభంలో ఒకళ్ళనొకళ్ళు చంపుకున్నారు. రాజు అక్కడే పోయాడు.

కొండ థర్మోకోల్. కంపెనీ ఎర్రకోట్లకి భార్య నర్గీస్ గోళ్ళరంగు. ఎవడు ముందుకెళ్ళాలో ఎవడు పడిపోవాలో పాచికలు చెబుతాయి. రాజు వైపు ఎప్పుడూ పై అంతస్తు గురునాథరావే, స్టీల్‌ప్లాంటులో రిటైరైన మనిషి. చుట్టరికం లేదు, పాడూ లేదు, అయినా ‘బావా’ తప్ప మరో పిలుపు లేదు.

కూర్మన్నపాలెంలో వాళ్ళ అపార్టుమెంటు లిఫ్టు ఏడాదిగా పనిచెయ్యకపోతే, ఇద్దరూ ఒక్కటై పాత ప్రెసిడెంటుని దింపేశారు. గురునాథరావు ప్రెసిడెంటయ్యాడు. అయిన నెలకే రహమాన్ తలుపుకి నోటీసు! మేడమీద పూలకుండీలు తీసెయ్యాలట. పైన ‘శ్రీ రహమాన్ గారికి’ అని.

కుండీలు పోతే పోయాయి, ఆ ‘గారు’ చూసేసరికి ఒళ్ళు మండిపోయింది. ఆదివారం ఆట మధ్యలో అడిగేశాడు.

“నాను ‘గారు’నెప్పుడయ్యాను బావా?”

“రూలు రూలే” అన్నాడు గురునాథరావు. మాటా మాటా పెరిగింది. గురునాథరావు విసురుగా లేచి, చేతిలో ఉన్న ఇత్తడి రాజుని జేబులో వేసుకుని మరీ వెళ్ళిపోయాడు.

ఆర్నెల్లు! రాజు చోట ఒక నట్టు పెట్టి రెండు వైపులా తనే ఆడుకున్నాడు రహమాన్. పాపం, ఎవరు గెలిచినా ఏడుపొచ్చేది. ఇంకో రాజుని తియ్యడం లేతు మీద అరగంట పని. తియ్యలేదు. తీస్తే ఇక బావ రాడేమోనని భయం.

మొన్న ఆదివారం బెల్లు మోగింది. గుమ్మంలో గురునాథరావు. లోపలికొచ్చి జేబులోంచి రాజుని తీశాడు. తీసి, ఎర్రకోట్ల వరస మధ్యలో పెట్టాడు.

“ఏటి సేత్తన్నావ్? అది నా సైన్యం” అన్నాడు రహమాన్.

“ఆ కొండ తీసెయ్ బావా. నాను పద్మనాభం ఆడలేను. చందుర్తి ఆడదాం.”

రహమాన్ కొండని రెండు చేతులా ఎత్తి ఫ్రిజ్ మీద పెట్టాడు. అటు తిరిగే కళ్ళు తుడుచుకున్నాడు.

“మరి ఫ్రెంచోళ్ళెవరు?”

టీ తెచ్చిన నర్గీస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. “నాను. ఈయన ఏడుపు ఆర్నెల్లు భరించాను. ఇయ్యాల ఇద్దర్నీ కలిపి కొడతాను. పాచికలు ఇటివ్వండి.”