గొట్టం మెత్తబడేదాకా

నా చిన్నప్పుడు, మా అమ్మ చచ్చిపోతుందేమోనన్న భయంతో ఒక మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద రబ్బరు గొట్టం నొక్కుతూ నిలబడ్డాను.

కాన్పు కష్టమైందని అమ్మను యానాం నుంచి కాకినాడ తీసుకెళ్తున్నాం. కారు మా మావయ్యది, అమ్మకు సొంత అన్న. అద్దెకు తిప్పే పాత అంబాసిడర్ అది. కోరంగి దాటామో లేదో రేడియేటర్ నుంచి ఆవిరి లేచింది. వెనక సీట్లో అమ్మ తల అమ్మమ్మ ఒడిలో ఉంది. రోడ్డు మీద ఇంకో బండి లేదు.

"మూత తీసి నీళ్లు పొయ్యరా! నీ చెల్లెలు సచ్చిపోయేలాగుంది!" అని అమ్మమ్మ అరిచింది.

నేను నీళ్ల డబ్బాతో ఉరికాను. మావయ్య నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ మూత కింద గట్టి స్ప్రింగు ఉంటుందట. అది అదిమిపెట్టబట్టే అంత వేడిలోనూ నీళ్లు మరగవట. ఒత్తిడి మరీ ఎక్కువైతే స్ప్రింగే కాస్త లేచి కొంత ఆవిరిని బయటికి వదులుతుందట. అదే మనం తీశామా, లోపలున్న నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి మొహాన కొడతాయట.

"అప్పుడు బండి నడిపేదెవరే?" అన్నాడు.

నా చేతికి తడి తువ్వాలు చుట్టి, రేడియేటర్ పైనున్న లావుపాటి గొట్టం నొక్కి చూస్తూ ఉండమన్నాడు. గట్టిగా ఉన్నంతసేపూ లోపల ఒత్తిడి ఉన్నట్టే.

నొక్కాను. రాయిలా ఉంది. అమ్మ కేక పెట్టిన ప్రతిసారీ మావయ్య చెయ్యి మూత దాకా వచ్చేది. "ఏమే, మెత్తబడిందా?" అనేవాడు. లేదనగానే చెయ్యి వెనక్కి పోయేది. మెత్తబడిందని అబద్ధం చెప్పేద్దామా అనిపించింది. ఇంతలో అమ్మ అరవడం మానేసింది. ఏడుస్తూనే నొక్కాను.

ఎంతసేపటికో గొట్టం నా వేళ్ల కింద లొత్తపడింది. మావయ్య తువ్వాలు వేసి మూతను ముందు కొంచెమే తిప్పి ఆగాడు. మిగిలిన ఆవిరి సుయ్‌మని పోయాక పూర్తిగా తీసి, నెమ్మదిగా నీళ్లు పోశాడు. ఆ సాయంత్రం కాకినాడలో తమ్ముడు పుట్టాడు. అమ్మ బతికింది.

ఆ గొట్టం నువ్వే నొక్కి చూసుకోవచ్చుగా అని చాలా ఏళ్ల తర్వాత మావయ్యను అడిగాను.

"నేనైతే గట్టిగా ఉన్నా తీసేసేవోణ్ణే. అరిచేది నా చెల్లెలు కదా. నువ్వు లేదంటున్నావు కాబట్టి ఆగాను" అన్నాడు.

ఇప్పుడు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే నా చేతులు తొందరపడతాయి. అప్పుడు మనవరాలిని పిలిచి, మందు సీసా దాని చేతికిచ్చి, పేరు గట్టిగా చదవమంటాను. అమ్మమ్మకు చూపు ఆనడం లేదని అది అనుకుంటుంది. అనుకోనీ.