రాణులకు మాట అందించే పని

మా అమ్మ దగ్గర రాణులు నలుగురు ఉండేవారు, కిరీటం మాత్రం ఒక్కటే. నాచారంలో ఓనరమ్మ ఇంటి ముందున్న షటరులో అమ్మ ఒక చిన్న షాపు పెట్టింది. బడిపిల్లల ఫ్యాన్సీ డ్రెస్ పోటీలకు వేషాలు అద్దెకివ్వడం మా వ్యాపారం. జరీ అంచు ఎర్ర పరికిణీ, ఆ కిరీటం రాణులకు ఉమ్మడి ఆస్తి. చేతిలో అట్టకత్తి పెడితే ఓరుగల్లు రాణి. కత్తి అలాగే ఉంచి వీపుకు ప్లాస్టిక్ బొమ్మను కడితే, పసివాడితో గుర్రం మీద యుద్ధానికి పోయిన రాణి. కిరీటం తీసి మేలిముసుగు వేసి, దాన్ని వెనక్కి తోసేస్తే ఢిల్లీ సుల్తానా. అన్నీ తీసేసి నేతచీర చుట్టి, ముందు జుట్టులో ఒక పాయకు పౌడరు పట్టిస్తే దేశాన్నేలిన ప్రధాని. పేర్లతో పనే లేదు. "పెద్దదానికి వీపుబొమ్మ, చిన్నదానికి తెల్లపాయ ఇవ్వండి" అని తల్లులు అడిగేవారు. తెలంగాణ వచ్చిన ఏడాది ఓరుగల్లు రాణికి ఎంత గిరాకీ అంటే, అమ్మ విసుక్కుంటూనే రెండో కిరీటం కొంది. నేను చెప్పబోయేది అంతకు కొన్నేళ్ల ముందు మాట.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. షాపులో నా పని చీటీలు రాయడం. వేషంతోపాటు నాలుగు వాక్యాల చీటీ ఇవ్వడం మా షాపు ప్రత్యేకత. పిల్లలు దాన్ని బట్టీ పట్టి స్టేజీ మీద ఒప్పజెప్పాలి. "నమస్కారం. నేను ఫలానా రాజు కూతురిని. ఫలానా వీరుడి భార్యను. ధైర్యంగా పోరాడాను. ధన్యవాదాలు." ఏ రాణికైనా ఇదే మూస. రాసీ రాసీ నాకే రోత పుట్టింది. కూతురు సరే, భార్య సరే, పోరాటమూ సరే, మిగతా రోజుల్లో ఈవిడ ఏం చేసేది? పొద్దున్నే లేచి ఎవరితో మాట్లాడేది? ఓరుగల్లు రాణికి తండ్రి మగపేరు పెట్టి మగవేషం వేసి కొలువులో కూర్చోబెట్టాడట. మరి ఇంట్లో తల్లి ఏమని పిలిచేది? ఢిల్లీ సుల్తానాను తండ్రి కొడుకుల్ని కాదని గద్దె కోసం ఎంచుకుంటే, నాలుగేళ్లయినా నిండకుండానే ఆమెను దింపేశారట. ఆ కాస్త కాలంలో ఆమె మాట మొదట విన్నవాడెవడు? ఎందుకు విన్నాడు? మా సోషల్ సారును అడిగితే, పరీక్షలో రానిది అడగొద్దన్నాడు. ఉప్పల్ లైబ్రరీకి పోయి వెతికితే యుద్ధాలు దొరికాయి, కోటలు దొరికాయి. నాకు కావలసింది దొరకలేదు.

సాయంత్రాలు అమ్మ పిల్లల్ని అద్దం ముందు నిలబెట్టి చీటీ ఒప్పజెప్పించేది. వాళ్లు మరిచిపోతే మాట అందించే పని కూడా నాదే. ఓనరమ్మ గడప మీద కూర్చుని పుంటికూర తెంపుకుంటూ ఇదంతా చూసేది. ఆమెది తరతరాలుగా నాచారమే. ఒకప్పుడు పొలాలున్న కుటుంబం, ఇప్పుడు గదులు కట్టి అద్దెకిచ్చుకుంటున్నారు. ఐదో తరగతితో చదువు ఆపేసింది. ఏళ్ల తరబడి వినీ వినీ మా చీటీలన్నీ ఆమెకు నోటికొచ్చు.

ఒకరోజు యూకేజీ పిల్ల సుల్తానా వేషంలో రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది. నేను కుంకుడుకాయంత సైజు ముత్యాల దండ ఒకటి ముడి విప్పుతూ మాట అందించడం ఆలస్యం చేశాను. ఆ పిల్ల నా వైపు చూసింది, అమ్మ వైపు చూసింది, చివరికి ఏనుగెక్కే సుల్తానాగా తనంతట తనే, "నాకు ఏనుగంటే బయ్యం. అయినా ఎక్కిన" అంది. అమ్మ నా నెత్తిమీద మొట్టింది. ఓనరమ్మ మాత్రం కూర తెంపడం ఆపేసి, "ఏమన్న చెప్పిందా పోరి! గిది నీ చీటీల రాసినవా?" అనడిగింది. రాయలేదన్నాను. నాకు ఆ రోజు నిద్రపట్టలేదంటే నమ్మండి. అందించకపోతే వాళ్లు సొంతంగా ఏదో అంటారన్నమాట!

అప్పటికి ఓనరుగారు కార్పొరేటర్ కావాలని ఎన్నో ఏళ్లుగా కష్టపడుతున్నాడు. ఎవరింట్లో పెళ్లయినా ముందు వరుసలో ఆయనే, చావైనా ముందు వరుసలో ఆయనే. తెల్లచొక్కాలు ఇస్త్రీ చేయించి వరుసగా తగిలించుకున్నాడు, ఫ్లెక్సీకి ఫోటో కూడా దిగి పెట్టుకున్నాడు. తీరా ఎన్నికలొచ్చేసరికి మా వార్డు మహిళలకు రిజర్వ్ అయింది. రెండు రోజులు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు ఫ్లెక్సీ లేచింది. నిండా ఆయనే, చేతులు జోడించి. కింది మూలన స్టాంపంత ఓనరమ్మ, ఏదో పెళ్లిఫోటోలోంచి కత్తిరించిన మొహం. ఎవరి భుజమో సగం ఆమె పక్కన అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆమె షాపుకొచ్చి ఎవరూ లేకుండా చూసి, "నాగ్గూడ ఒక చీటీ రాసియ్యి బిడ్డా. మీటింగుల మాట్లాడాల్నట" అంది. చూడబోతే అచ్చం పోటీకి వచ్చిన పిల్ల మొహమే.

నాకు పండగైంది. ఇన్నాళ్లకు అడిగితే జవాబు చెప్పగలిగే రాణి దొరికింది! నోటుబుక్కు తీసి కూర్చున్నాను.

"మీరేం చేశారు ఆంటీ?"

"నేనేం జేస్త? వండుడు, తోముడు."

"మీ మాట ఎవరైనా వింటారా?"

"మా ఆయనైతే ఇనడు" అని నవ్వింది.

"మరి ట్యాంకర్ దగ్గర?"

మా గల్లీలకు నాలుగు రోజులకోసారి నీళ్ల ట్యాంకర్ వచ్చేది. బిందెల యుద్ధం ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మా దగ్గర మాత్రం యుద్ధం ఉండేది కాదు. ఓనరమ్మ ముందే వచ్చి ముగ్గుపిండితో గీత గీసేది. ఫ్యాక్టరీలో మిషన్ల పనికి పోయే ఆడవాళ్ల బిందెలు ముందు. బాలింత ఉన్న ఇంటివి ఆ తర్వాత. ముసలివాళ్లవి, ఆ వెనక తక్కినవాళ్లవి. తన బిందెలు అన్నిటికన్నా చివర. ఒక్కోసారి ఆమె వంతు వచ్చేసరికి ట్యాంకర్ ఖాళీ, ఆ రోజు వాళ్లింట్లో స్నానాల్లేవు. డ్రమ్ము తెచ్చినవాళ్లను ఆమె తిట్టదు, ఊరికే చూస్తుంది. వాళ్లు డ్రమ్ము వెనక్కి దొర్లించుకుపోవడం నేను కళ్లారా చూశాను.

"గదేం ముచ్చట బిడ్డా? గది నీళ్ల లైను" అందామె.

నేను మాత్రం అదే రాశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఇంకే చీటీ రాయలేదు. ఆమె దాన్ని చదివించుకుని వింది, కొంగుకు ముడేసుకుని పోయింది. మర్నాడు ఓనరుగారు ఆ కాగితం చూసి పగలబడి నవ్వాడు. "ఓట్లడగనీకి పోయి బిందెల ముచ్చట చెప్తవా? నలుగురు నవ్వుతరు" అని టైపు కొట్టించిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. అందులో మొదటి వాక్యం, "నేను ఫలానా వారి ధర్మపత్నిని." మూడో వాక్యం, "నా భర్త చేసిన సేవలే నా సేవలు." నా మూసే! టైపు కొట్టించారు కాబట్టి గౌరవంగా కనిపిస్తోంది, అంతే. నాకు ఒళ్లు మండింది. ఆమె మీద ఇంకా మండింది, ఎందుకంటే మారుమాట్లాడకుండా బట్టీ పట్టడం మొదలుపెట్టింది. మా అద్దం ముందే నిలబడి.

"మరిచిపోతే నువ్వు చెప్తవు గదా? స్టేజీ కిందనే నిలబడు" అని నాతో ఒట్టేయించుకుంది. వేశాను. ఆ కాగితం నాకూ కంఠతా వచ్చేసింది.

మీటింగు కమ్యూనిటీ హాలు ముందరి ఖాళీ జాగాలో, సాయంత్రం పూట. జనం బాగానే వచ్చారు. ముందు నలుగురు పెద్దమనుషులు మాట్లాడారు, ఆ తర్వాత ఓనరుగారు చాలాసేపు మాట్లాడాడు. చివర ఆమెను పిలిచారు. ఆమె మైకు ముందుకొచ్చి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మెడ కాస్త ఎత్తి, మొదలుపెట్టింది.

"నమస్కారం! నేనూ... ఫలానా వారీ... ధర్మపత్నినీ!"

అచ్చంగా మా యూకేజీ రాగం. ఉపన్యాసమంటే ఆమె చూసిందల్లా మా షాపులో చూసిందే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, వాక్యం చివర ఎక్కడ సాగదీయాలో, అన్నీ మా పిల్లల దగ్గర నేర్చుకుంది. వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. రెండో వాక్యం కూడా అదే రాగంలో అయింది. నవ్వు ముందు వరుసలదాకా పాకింది. మూడో వాక్యానికి నోరు తెరిచి, ఆగిపోయింది.

నా వైపు చూసింది.

ఆ వాక్యం నా నోట్లోనే ఉంది. పెదాలు కదిపితే చాలు. ఒట్టు వేశాను కూడా. కానీ నేను పెదాలు బిగించుకున్నాను. దయ లేదా అంటే, ఆ క్షణంలో లేదు. ఆమె పక్షాన నిలబడి చేసిన గొప్పపని అని ఈరోజు చెప్పుకోవచ్చుగానీ, అది అబద్ధం. నాకు తెలుసుకోవాలని ఉంది, అంతే. అందించకపోతే ఈమె ఏమంటుంది? లైబ్రరీలో దొరకనిది ఇక్కడ దొరుకుతుందా? పక్కనుంచి అమ్మ, "చెప్పవే! చెప్పవేం?" అని గిల్లుతోంది. స్టేజీ మీద ఆమె కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఓనరుగారు లేచి మైకు కోసం చెయ్యి చాచాడు. నాకు భయమేసింది. ఇక చెప్పేద్దామనుకున్నాను.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మిషన్ల పనికి పోయే ఒకామె గట్టిగా అడిగింది, "అక్కా, రేపు ట్యాంకర్ వస్తదా?"

ఓనరమ్మ చేతులు ముందుకొచ్చి మైకును స్టాండులోంచి తీసుకున్నాయి. "రేపు గాదు, ఎల్లుండి. పొద్దుగాల ఐదున్నరకు. మీరు ముందు నిలబడున్రి, మీకు బస్సుంటది" అంది. రాగం లేదు. "పోయినసారి కింది గల్లీకి నీళ్లందలే. ఈసారి ఆన్నుంచే మొదలువెడుతం."

"మరి మాకో?" అన్నాడు పై గల్లీ మనిషి.

"మీకు బోరున్నది గదనే. జర ఓపిక వట్టు. ఇగో, డ్రమ్ములు తేకున్రి. మొన్న తెచ్చినామె ఎవరో నాకెరుకే, పేరు చెప్ప."

జనం మళ్లీ నవ్వారు, ఈసారి ఆమెను చూసి కాదు. ఎవరో మోరీల సంగతి అడిగారు. ఎక్కడెక్కడ మురుగు పొంగుతోందో ఇల్లిల్లూ చెప్పింది. ఇంకెవరో వృద్ధాప్య పింఛన్ల గురించి అడిగారు. "గది నాకు దెల్వది. తెల్సుకొని చెప్త" అంది. స్టేజీ మీద అంతసేపు మాట్లాడిన వాళ్లలో తెలియదన్న మాట అన్నది ఆమె ఒక్కతే. ఓనరుగారి చెయ్యి ఇంకా చాచే ఉంది. ఆమె చూడనే లేదు, మైకు ఇంకో చేతికి మార్చుకుంది.

ఇంటికొచ్చాక అమ్మ నన్ను ఉతికి ఆరేసింది. "ఓనర్ల పరువు నలుగురిలో తీస్తావా? రేపు షటరు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతాం? మనకిక్కడ ఎవరున్నారే?" మాది కృష్ణా జిల్లా. అమ్మ భయం అబద్ధం కాదు. మేముండేదీ వాళ్ల గదిలోనే, గోడ అవతల ఓనరుగారి గొంతు వినబడుతోంది. ఓనరమ్మ గొంతు వినబడటం లేదు. నావల్లే కదా అని ఏడ్చాను.

ఫలితం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆమె గెలిచింది. ఆఫీసు కుర్చీలో మొదట్లో ఆయనే కూర్చున్నాడు, అదీ నిజం. ఆయన్ను అక్కణ్నుంచి లేపడానికి ఆమెకు ఏడాది పైనే పట్టింది. కానీ నాకు గుర్తున్నది అదేదీ కాదు. మీటింగు మర్నాటి పొద్దున, అమ్మ షటరు సగం ఎత్తి, ఎత్తనా వద్దా అని నిలబడి ఉండగా, ఓనరమ్మ వంగి లోపలికొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. అమ్మ గబగబా, "చిన్నపిల్ల అక్కా, భయపడి మరిచిపోయింది" అని అందుకుంది.

ఆమె అమ్మను ఆపి నన్నడిగింది. "మర్చిపోయినవా బిడ్డా, కావాల్నని చెప్పలేదా?"

అబద్ధం చెప్పి షటరు కాపాడుకోవచ్చు. నోరు రాలేదు. "కావాలనే" అన్నాను.

ఆమె చాలాసేపు నన్నే చూసింది. డ్రమ్ములు తెచ్చిన వాళ్లను చూసే చూపు అది. నేను తల దించుకున్నాను.

"ఎల్లుండి ఇంకో మీటింగున్నది" అంది. "వచ్చి ఆడ్నే నిలబడు. అప్పుడు గూడ చెప్పకు."